రాజీనామా కాగితం లెక్కల పుస్తకం కాదు

రాజీనామా అనే మాట మన ఊళ్లకు కొత్తది కాదు. సర్పంచి రాజీనామా, సొసైటీ ప్రెసిడెంటు రాజీనామా, సంఘం లీడరు రాజీనామా, మంత్రి రాజీనామా. పేపర్లో పేరు పెద్దగా పడుతుంది. నాలుగు రోజులు చావిడి కాడ జనం మాట్లాడుకుంటారు. ‘పోనీలేప్పా, తప్పుకున్నాడు గదా, ఇంకేం చేస్తాం’ అని ఎవరో ఒక పెద్దమనిషి అంటాడు. అంతటితో ఆ మాట చల్లారిపోతుంది. పోయిన సొమ్ము పోయినట్టే ఉంటుంది. జరిగిన అన్యాయం జరిగినట్టే ఉంటుంది.

మేము ఆ పెద్దమనిషిని ఒకటే అడుగుతున్నాం. తప్పుకుంటే తప్పు పోతుందా?

నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల నుంచి సుగ్గికి పోయే కూలోళ్లను చూడండి. గుంటూరు పక్క మిరప తోటల్లో పనికి మేస్త్రీ అడ్వాన్సు తెస్తాడు. ఆ మాట నమ్మి జనం ఇంటికి తాళం వేసి పిల్లల్ని చంకనేసుకుని పోతారు. పని సగంలో ఉండగా ఆ మేస్త్రీ ‘నేను మేస్త్రీతనం మానుకున్నా’ అంటే కూలోళ్లు ‘సరే, పోయిరా’ అంటారా? అనరు. అడ్వాన్సు ఎంత తెచ్చినావు, ఎవరికెంత ఇచ్చినావు, రైతు కాడ ఇంకా ఎంత రావాల, లెక్క చెప్పి పో అంటారు. అక్షరం ముక్క రాని అవ్వ కూడా ఈ మాట అడుగుతుంది. రెడ్డి ఇంట్లో జీతగాడు ఏడాది నడిమధ్య పని మానుకుంటే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. వాణ్ణి చావిడికి పిలిపిస్తారు. తిన్న జొన్నలు, తీసుకున్న రూపాయి, దాని మీద వడ్డీ అన్నీ కక్కిస్తారు. పేదోడు పని మానితే లెక్క అడిగే ఊరు పెద్దోడు పదవి మానితే దండ వేసి పంపిస్తుంది. ఈ రెండు నీతులు ఒకే ఊర్లో ఎట్లా బతుకుతున్నాయి?

ఊరు చిన్నదనుకుందాం. దేశంలో పేరుమోసిన ఒక పెద్ద కంపెనీ బోర్డులో ఏం జరిగిందో చూద్దాం. మన తెలుగు గడ్డ మీద జరిగిన సంగతే అది. కంపెనీ గొడవ మనకెందుకు అనుకోవద్దు. కంపెనీ బోర్డు కూడా మన పంచాయతీ బోర్డు లాంటిదే. వాటాలు కొన్నవాళ్లు ఓటర్లు. డైరెక్టర్లు మెంబర్లు. చైర్మన్ ప్రెసిడెంటు. సొమ్ము పది మందిది, సంతకం ఒకడిది. అక్కడా ఇక్కడా చిక్కు వచ్చేది ఈ సంతకం కాడనే.

హైదరాబాదులో 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్ కంపెనీకి బి. రామలింగరాజు చైర్మన్. 2008 నాటికి అందులో సుమారు 50 వేల మంది ఉద్యోగులు. రాజు కుటుంబం చేతిలో మిగిలిన వాటా పదో వంతు కూడా లేదు. మిగతాదంతా వేరేవాళ్ల సొమ్ము. అందులో మన జనం కట్టే ఎల్‌ఐసీ డబ్బు కూడా ఉంది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు కూర్చుని, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. సత్యం ఇంగ్లీషు అక్షరాలను తిరగేస్తే వచ్చేదే మేటాస్. ఒక జేబులో ఉన్న పది మంది సొమ్మును తన సొంత జేబులోకి మార్చుకునే బేరం అది. వాటాదారులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు.

ఆ బోర్డులో కూర్చున్నది అమాయకులు కాదు. హార్వర్డు ప్రొఫెసరు, పెంటియం చిప్ చేసిన ఇంజనీరు, ఐఐటీ డైరెక్టరుగా చేసినాయన, కేంద్రంలో కేబినెట్ సెక్రటరీగా చేసినాయన, హైదరాబాదు బిజినెస్ స్కూలు డీను. చదువులో ఇంతకు మించినవాళ్లు దొరకరు. వాళ్లే సరేనన్నారు. గొడవ ముదిరినాక ఏం చేసినారు? డిసెంబరు ఆఖరి వారంలో నలుగురు డైరెక్టర్లు వరసగా రాజీనామా చేసి బయటికి నడిచినారు. 29న జరగాల్సిన బోర్డు మీటింగును జనవరి 10కి జరుపుకున్నారు. పుస్తకాలు తెరిపించిన మనిషి లేడు. బ్యాంకుకు పోయి ‘ఈ ఖాతాలో డబ్బు ఉందా లేదా’ అని అడిగిన మనిషి లేడు.

2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు రాజీనామా ఉత్తరం రాసినాడు. కంపెనీ పుస్తకాల్లో చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో తానే ఒప్పుకున్నాడు. చూపని అప్పు 1,230 కోట్లని, ఏళ్ల తరబడి లాభాలు పెంచి రాసుకుంటూ వచ్చామని చెప్పినాడు. తానుగానీ, తన తమ్ముడుగానీ కంపెనీ నుంచి పైసా తీసుకోలేదని కూడా రాసినాడు. ఆ ఒక్క రోజులోనే సుమారు 179 రూపాయలున్న వాటా 40 రూపాయలకు పడిపోయింది.

ఇక్కడే మనం నేర్చుకోవాల్సిన పాఠం ఉంది. అటువంటి ఉత్తరం బల్ల మీదికి వచ్చినప్పుడు బోర్డు ఏం చేయాల? ‘తప్పు ఒప్పుకున్నాడు, పదవి వదిలినాడు, పెద్దమనిషి’ అని మడిచి ఫైల్లో పెట్టడం ఒక దారి. ఆ కాగితాన్ని ఫిర్యాదుగా తీసుకుని లెక్క మొదటి నుంచి తీయడం ఇంకో దారి. పాత బోర్డు ఏ దారి పట్టేదో చూడాల్సిన పని లేకుండానే కేంద్ర ప్రభుత్వం జనవరి 9న దాన్ని రద్దు చేసింది. అదే రాత్రి రాష్ట్ర పోలీసులు రాజును అరెస్టు చేసినారు. 11న ముగ్గురిని, 15న ఇంకో ముగ్గురిని వేసి ఆరుగురితో కొత్త బోర్డు పెట్టినారు. అందులో ఒకాయన ఎల్‌ఐసీ నుంచి వచ్చినవాడు.

ఆ కొత్త బోర్డు చేసిన పనులు ఊరి సొసైటీ నడిపే మనిషికి కూడా పనికొస్తాయి. ఉత్తరంలో రాసిన అంకెలనే నిజమనుకోలేదు. దొంగ అప్పగించిన దొంగతనం చీటీని కూడా సరిచూడాల్సిందే గదా! పాత ఆడిటర్లను పక్కన పెట్టి కొత్తవాళ్లతో మళ్లీ లెక్కలు వేయించింది. ఉద్యోగుల జీతాలు ఆగిపోకుండా బ్యాంకుల నుంచి 600 కోట్ల అప్పు తెచ్చింది. రోజువారీ పని నడిపే మనిషిని ఫిబ్రవరిలో నియమించింది. కంపెనీని అమ్మేటప్పుడు చాటుమాటు బేరం పెట్టకుండా, రిటైరైన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని పర్యవేక్షణకు పెట్టి బహిరంగంగా పాట పాడించింది. 2009 ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా ఆ పాట గెలిచింది. మూడు నెలల్లో ఇంత పని జరిగింది. మనసుంటే మార్గం ఉంటుందని పెద్దలు అన్నది ఇందుకే.

మరి పైసా తీసుకోలేదన్న మాట ఏమైంది? దర్యాప్తులో వేల కొద్దీ దొంగ బిల్లులు బయటపడినాయి. మూడు వందలకు పైగా చిన్న చిన్న కంపెనీల పేర్లతో కొన్న వేల ఎకరాల భూములు బయటపడినాయి. 1,849 కోట్లు వడ్డీతో సహా కట్టమని సెబీ 2014లో రాజుకు, మరికొందరికి ఆర్డరు వేసింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుకు, ఇంకో తొమ్మిది మందికి ఏడేళ్ల శిక్ష వేసింది. నెల తిరిగేసరికి అప్పీలు చేసుకుని బెయిలు మీద బయటికి వచ్చినారు. అయినా ఒక సంగతి ఖాయం. ఆ ఉత్తరంతోనే కథ ముగిసిందని అందరూ ఊరుకుని ఉంటే, ఈ భూములూ బిల్లులూ ఏ కాలానికీ బయటికి వచ్చేవి కావు.

ఇంకొక సంగతి మన పల్లెలకు దగ్గరిది. 108 అంబులెన్సు 2005లో మొదలుపెట్టిన సంస్థకు కూడా చైర్మన్ ఈ రామలింగరాజే. 2009 జనవరిలో ఆయన అక్కడా తప్పుకున్నాడు. అంబులెన్సు ఆగలేదు. పురిటి నొప్పులు పడే ఆడమనిషికి చైర్మన్ ఎవరైతేనేం, బండి రావాల. ఆ ఏడాదే జీవీకే సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుంది. మనిషి పోయినా పని ఆగకూడదు, పని ఆగకూడదని చెప్పి మనిషిని వదలకూడదు. ఈ రెండూ కలిపి చేసినప్పుడే బోర్డు తన పని చేసినట్టు.

ఇటువంటి బోర్డుల్లో మనవాళ్లు ఎందరున్నారని అడిగితే జవాబు సిగ్గుచేటు. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల మీద 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం అచ్చయింది. వందకు 93 మంది అగ్రకులాలవాళ్లు. ఎస్సీలు, ఎస్టీలు కలిపితే నలుగురు కూడా లేరు. ఒకే కులపోళ్లు, ఒకే బడిలో చదివినోళ్లు, ఒకరింటి పెళ్లికి ఇంకొకరు పోయేవాళ్లు బల్ల చుట్టూ కూర్చుంటే ‘లెక్క చూపించు’ అని ఎవరు ఎవరిని అడగాల? మొహమాటం అక్కడ పుడుతుంది. మన పల్లెలో సొసైటీ బల్ల చుట్టూ కూర్చునే బావాబామ్మర్దుల సంగతి కూడా ఇదే. ప్రాతినిధ్యం కావాలని మనం అడిగేది కుర్చీ మీద మోజుతో కాదు. అడిగే నోరు లోపల ఉండాలని అడుగుతున్నాం.

అయితే రాజీనామాలన్నీ ఒక గాటన కట్టకూడదు. దొంగ రాజీనామా ఉన్నట్టే దొర రాజీనామా కూడా ఉంటుంది. 1951 సెప్టెంబరు 27న బాబాసాహెబ్ అంబేద్కర్ నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా ఇచ్చినాడు. హిందూ కోడ్ బిల్లును మధ్యలో వదిలేసినారు. దళితులకు రక్షణ ఇవ్వడంలో ప్రభుత్వం చూపిన అలక్ష్యం ఆయన్ను బాధించింది. విదేశాంగ విధానం మీద ఆయనకు అభ్యంతరాలున్నాయి. ఈ కారణాలన్నీ విడమర్చి రాసుకుని అక్టోబరులో పార్లమెంటుకు వచ్చినాడు. ఆ ప్రకటనను ముందుగా చూపించమని సభను నడిపేవారు పట్టుబట్టినారు. ఆయన లేచి బయటికి వచ్చి దాన్ని పత్రికల చేతికి ఇచ్చినాడు. రాజ్యాంగం రాసిన మనిషి తాను ఎందుకు పోతున్నాడో చెప్పుకోవడానికి సొంత సభలో చోటు దొరకలేదు.

ఇక్కడ తప్పు ఎవరిది? తప్పించుకుపోయే మనిషిని ఆపి లెక్క అడగడం బోర్డు పని అయితే, నిలదీసి పోయే మనిషిని ఆపి మాట వినడం కూడా అదే బోర్డు పని. మన వ్యవస్థ దీన్ని తలకిందులుగా చేస్తుంది. దోచినోడికి సన్మానం చేసి పంపుతుంది. ప్రశ్నించినోడి నోరు నొక్కి పంపుతుంది.

మూడో రకం రాజీనామా ఒకటుంది. మన జనానికి బాగా తెలిసింది అదే. గుంజుకున్న రాజీనామా. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినాక దళితులకు రిజర్వేషన్ కుర్చీలు దక్కినాయి. కుర్చీ ఇయ్యడం తప్పని చోట, కూర్చున్నవాణ్ణి లేపే విద్య అగ్రకులాలు నేర్చుకున్నాయి. తమిళనాడు మదురై జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలను 1996లో దళితులకు రిజర్వు చేసినారు. పదేళ్లు అక్కడ ఎన్నిక జరిగితే ఒట్టు. నామినేషన్ వేసే దిక్కు ఉండదు, వేసినా గెలిచిన వెంటనే రాజీనామా చేయిస్తారు. 2006లో గానీ సరైన ఎన్నిక జరగలేదు. అదే జిల్లా మేలవలవులో దళిత ప్రెసిడెంటు మురుగేశన్ పదవి వదలలేదు. 1997 జూన్ 30న ఆయన్ను, ఆయనతో బస్సులో వస్తున్న దళితులను నరికి చంపినారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో రాజీనామా కాగితాల వెనక ఉన్న కత్తి ఏమిటో ఆ రోజు దేశమంతా చూసింది.

మన దిక్కు కత్తి దాకా పోకుండానే పని కానిస్తారు. సర్పంచి కుర్చీ మాదిగ అక్కకు వస్తుంది, చెక్కు పుస్తకం రెడ్డి ఇంట్లో ఉంటుంది. ఖాళీ కాగితాల మీద ముందే వేలిముద్రలు పెట్టించుకుంటారు. మాట వినకపోతే ఆ కాగితం మీద ‘స్వంత కారణాల వల్ల’ అని రాసి పైకి పంపిస్తారు. స్వంత కారణాలంట! అప్పు బెదిరింపు, కూలికి పిలవమనే బెదిరింపు, మగడిని పనిలో నుంచి తీసేస్తామనే బెదిరింపు స్వంత కారణాలు ఎట్లయితాయి?

దీనికి చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. పంచాయతీలోగానీ మునిసిపాలిటీలోగానీ పదవిలో ఉన్న దళితులను బెదిరించి, బలవంతపెట్టి పని చేసుకోనీయకపోవడం సెక్షన్ 3(1)(m) కింద నేరం. నామినేషన్ వేయనీయకపోవడం, వేసినదాన్ని బలవంతాన తీసేయించడం దాని ముందున్న 3(1)(l) కింద నేరం. ఈ రెండు సెక్షన్లు మన కార్యకర్తలకు నోటికి రావాల.

అట్లాగే కంపెనీల చట్టం 2013 సెక్షన్ 168 ఏం చెబుతుందో వినండి. డైరెక్టరు రాజీనామా చేసినాక కూడా, పదవిలో ఉన్నప్పుడు జరిగిన నేరాలకు జవాబుదారీ అతనే. ఆ రాజీనామా సంగతిని బోర్డు తన నివేదికలో రాసి వాటాదారుల సభ ముందు పెట్టాల. సహకార సంఘాలకు ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం 1964 ఉంది. సెక్షన్ 51 కింద విచారణ వేయొచ్చు. సెక్షన్ 60 కింద సంఘానికి నష్టం చేసినవాళ్ల నుంచి, ఇప్పుడున్నవాళ్లయినా దిగిపోయినవాళ్లయినా, సొమ్ము తిరిగి రాబట్టొచ్చు. అంటే దిగిపోయినాడు గదా అనే మాటకు చట్టంలో విలువ లేదు. విలువ ఇస్తున్నది మన మొహమాటం, మన భయం.

కాబట్టి పంచాయతీ మెంబర్లకు, సొసైటీ డైరెక్టర్లకు, బడి కమిటీలకు, పొదుపు సంఘాల అక్కలకు, మన దళిత సంఘాల నాయకులకు మేము చెప్పేది ఇది.

రాజీనామా కాగితం వచ్చిన రోజే దాన్ని సభలో పైకి చదవండి. చాటున పెట్టుకున్న కాగితం బేరానికి పనికొస్తుంది. పైకి చదివిన కాగితం ఊరికి సాక్ష్యం అవుతుంది.

ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వినండి. ఎవరి ఇంట్లో రాసినావు, ఎవరు రాయించినారు, ఎందుకు పోతున్నావు అని అడగండి. దళితులైతే, ఆడవాళ్లయితే వాళ్లు నమ్మే నలుగురి మధ్య అడగండి. రెడ్డి అరుగు మీద నిలబెట్టి అడిగితే నిజం నోట్లోంచి రాదు. బలవంతం జరిగిందని తేలితే ఆ రాజీనామాను చెల్లనిదిగా చూడమని అధికారులకు రాతపూర్వకంగా పెట్టండి, పోలీసుస్టేషనులో కేసు కట్టించండి.

పుస్తకాలు అదే రోజు స్వాధీనం చేసుకోండి. క్యాష్ బుక్కు, మినిట్స్ బుక్కు, చెక్కు పుస్తకం, రసీదు కట్టలు. బ్యాంకుకు లెటరు పెట్టి పాత సంతకం ఆపించండి. బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బు, పుస్తకంలో రాసిన డబ్బు పక్కపక్కన పెట్టి చూడండి. సత్యం కంపెనీలో ప్రొఫెసర్లు చేయని పని ఇదొక్కటే. పదో తరగతి చదివిన మన పిల్ల చేయగలదు.

లెక్క ఊరి ముందు చెప్పండి. 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లు చదివి వినిపించిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. ‘నా పేరు మీద డబ్బులు ఎత్తినారు, నేను ఆ పనికే పోలేదు’ అని కూలోళ్లు మైకు ముందు లేచి చెప్పినారు. అదే పద్ధతి ఇక్కడా పెట్టండి. పుస్తకాలు ఇయ్యమంటే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇయ్యాల. పేదరిక రేఖ కింద ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

లెక్క తేలేదాకా సన్మానం వద్దు, శాపనార్థాలూ వద్దు. తప్పు చేయలేదని తేలితే ఆ మాట కూడా అదే సభలో, అదే మైకులో చెప్పండి. నింద మోసినవాడికి అది మనం తీర్చాల్సిన బాకీ.

పని ఆపొద్దు. రేషను, నీళ్ల ట్యాంకు, బడి భోజనం, వడ్డీ రాయితీ, ఏదీ మనిషి కోసం ఆగకూడదు. తాత్కాలికంగా ఒకరికి అప్పజెప్పి, ఎన్నాళ్లకు, ఎంతవరకు అని రాసి పెట్టండి. తాత్కాలికం పేరు మీద ఇంకో దొర తయారు కాకూడదు.

కొత్త మనిషిని ఎన్నుకునేటప్పుడు పోయినాయన చెప్పిన పేరుకు తల ఊపొద్దు. తమ్ముణ్ణో భార్యనో కూర్చోబెట్టి వెనక నుంచి నడపడానికే సగం రాజీనామాలు పుడతాయి.

ఈ మాట అగ్రకుల బోర్డులకే కాదు, మన సంఘాలకు కూడా వర్తిస్తుంది. ఉద్యమంలో కూడా సంఘం పేరు మీద చందాలు వసూలవుతాయి, జీపులు తిరుగుతాయి. ఎన్నికలప్పుడు ఒక నాయకుడు రాజీనామా చేసి వేరే పార్టీ కండువా కప్పుకుంటాడు. బ్యానరు మనదే, రసీదు పుస్తకం మాత్రం ఆయన సంచిలో పోతుంది. ‘మనోడు గదా’ అని ఊరుకుంటే, పత్తి మండీలో సావుకారి దలాలి తిన్నాడని అరిచే హక్కు మనకు ఉండదు. మనోడు అని ఎక్కువ అడగాల. మనోడు గనకే, చెప్పుకునే అవకాశం కూడా ఎక్కువ ఇయ్యాల.

బాబాసాహెబ్ మనకు ఇచ్చిన ఓటు ఐదేళ్లకు ఒకసారి వేలికి సిరా పూసుకోవడానికే కాదు. కుర్చీ ఎక్కేవాణ్ణి ఎంచుకునే హక్కు ఎవరికి ఉందో, కుర్చీ దిగేవాణ్ణి లెక్క అడిగే హక్కు కూడా వాళ్లదే. నందవరం నుంచి ఎమ్మిగనూరు దాకా, ఆదోని దాకా ప్రతి పల్లెలో వచ్చే గ్రామసభకు, వచ్చే సొసైటీ మహాజన సభకు మన వాడల నుంచి పది మందైనా పోవాల. సుగ్గికి పోయినోళ్లు ఇంటికి తిరిగొచ్చే రోజులు చూసి సభ తేదీ పెట్టమని అడగాల. ముందు వరసలో కూర్చోవాల. ఎవరు దిగిపోయినారో వాళ్ల పుస్తకం తెప్పించమని అడగాల. నిలబడి, పేరు చెప్పి, మినిట్స్ బుక్కులో ఆ ప్రశ్న రాయించి రావాల.

జై భీమ్!